అత్త చిటికెడు నీలం

జూన్ 4, మంగళవారం

నీలం మళ్లీ తిరిగొచ్చింది. ఈసారి ఒక థాను కాదు, లాటు మొత్తం. యూనిఫారాలు కుట్టే కంపెనీవాళ్లు తమ నమూనా గుడ్డను మా గుడ్డ మీద పిన్నుతో గుచ్చి మరీ పంపారు, మాకు కళ్లు లేవన్నట్టు. మాది ముదురట. ముదురే. ఒప్పుకుంటాను.

మేనేజరు అద్దకం షెడ్డు మధ్యలో నిలబడి అరిచాడు. అరవడం అతనికి చేతకాదు, మధ్యలో దగ్గొస్తుంది. "స్టోరులో రంగుపొడి ఉండాల్సినదానికంటే తక్కువుంది. గుడ్డమీద ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. ఇంక ఎక్కడ పోయిందో నేను చెప్పాలా?" అని తూకం గదివైపు చూశాడు. అందరం అటే చూశాం.

తూకం బాబాయి ఆవలించాడు. నిజంగానే. మనిషి ఉద్యోగం ఊడేలా ఉంటే ఆవలిస్తారా? పొడి తూచేటప్పుడు కూడా అంతే, కళ్లజోడు నుదుటిమీద, నోట్లో ఏదో కూనిరాగం. ఆ చేతుల్లోంచి సరైన తూకం ఎలా వస్తుంది?

అత్త మాత్రం తన స్టూలు మీంచి లేవలేదు. తొట్టిలో ముంచి తీసిన గుడ్డపేలికను తలుపు దగ్గర వెలుతుర్లో పట్టుకుని చూస్తోంది. "పాచి పట్టినట్టుందే" అని గొణుక్కుని, పక్కనున్న తన డబ్బాలోంచి చిటికెడు నీలం తీసి తొట్టిలో వేసింది. నమూనా గుడ్డ ఆవిడ వెనక మేకుకే వేలాడుతుంటుంది. దానివైపు తిరగనైనా తిరగదు. "గుడ్డ వెలుస్తుందే, నా కన్ను వెలవదు" అంటుంది. ఈ షెడ్డు పెట్టినప్పటి నుంచీ అత్త చూసి సరే అంటేనే గుడ్డ తొట్టిలో దిగుతుంది. నన్ను చిన్నప్పటి నుంచి పెంచింది కాబట్టి చెప్పడం లేదు. ఎవరినడిగినా చెప్తారు.

బాబాయి తప్పుకి అత్త నీలానికి చెడ్డపేరు. నాకు ఒళ్లు మండిపోతోంది.

జూన్ 6, గురువారం

సాయంత్రం క్లాసు. పగలు పిల్లలు చదివే బడిలోనే, పనికెళ్లేవాళ్లకి వారానికి రెండు రోజులు. స్టూళ్లు పిల్లలవి, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. సింకులో నీళ్లు ఆగవు. అయినా ఆ గదిలోకి వెళ్తే నాకు బాగుంటుంది. ఇది ఎవరికీ చెప్పను.

పదో తరగతితో ఆపేసి, మిగతాది పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా చదివాను. సగం తప్పుగా చదివానని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మాస్టారు ఆ మాట మొహంమీద అనడు. "అలా కూడా అనుకోవచ్చు" అంటాడు. అంటే తప్పని అర్థం.

ఈరోజు ఒక మిషన్ చూపించాడు. ఒక పక్క వెలుతురు, మధ్యలో గాజుడబ్బీలో రంగునీళ్లు, అవతల వెలుతురును పట్టుకునే కన్ను. నీలం నీళ్లయితే నారింజ వెలుతురు పంపాలి, ఎందుకంటే నీలం మింగేది దాన్నే. ఎంత మింగిందో మిషన్ చెప్తుంది. ఎక్కువ మింగితే రంగు ఎక్కువ. పుస్తకంలో దీన్ని శోషణం అన్నారు. మింగడం అంటే ఏం పోయింది వాళ్లకి?

ముందు మనకి గాఢత తెలిసిన నీళ్లు చేసుకోవాలట. ఒక గాజునాళికలో నీలం. దాంట్లో సగం తీసి అంతే నీళ్లు కలిపితే రెండోది. దాంట్లో సగం తీసి మళ్లీ. అలా చివరికి వచ్చేసరికి కడిగిన నీళ్లలా ఉంటుంది. ఒక్కోదాన్నీ మిషన్లో పెట్టి, అంకెలు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే గీత వస్తుంది. తెలియని నీళ్లు ఎవరైనా తెచ్చిస్తే, దాని అంకె చూసి గీత మీద వెతుక్కోవడమే.

నా గీత తిన్నగా వచ్చింది. చేత్తో ఏ పని చేసినా వంకరేనని అత్త తిట్టే నాకు.

తెలియని నీళ్లు నా దగ్గర తొట్టినిండా ఉన్నాయి. బాబాయి పని చెప్తాను.

జూన్ 7, శుక్రవారం

వంటగదిలో బల్బు మార్చాను. నిన్న రాత్రి అత్త పాలగిన్నె చూసి "ఇందులో పసుపేమైనా వేశావా?" అంది. పాత బల్బు వెలుతురు అలాగే ఉంటుంది.

జూన్ 11, మంగళవారం

తొట్టిలోంచి చిన్న సీసాలో నీళ్లు పట్టుకెళ్లాను. మిషన్ ఒక అంకె చూపించింది. రంగు కాస్త పెంచి మళ్లీ పెట్టాను. అదే అంకె. ఇంకాస్త పెంచాను. అదే. ఎంత వేసినా అదే అంకె చూపించే మిషన్ ఎందుకు, గోడకి మేకు కొట్టుకోడానికా?

"పనికిమాలిన మిషన్" అన్నాను, గట్టిగానే.

మాస్టారు గాజుడబ్బీ తీసి కిటికీకెదురుగా పట్టుకున్నాడు. "అవతల నేను కనిపిస్తున్నానా?"

"లేదు."

"దానికీ ఏమీ కనిపించట్లేదమ్మా. ఇంత చిక్కగా ఉంటే వెలుతురు అవతలికి రాదు. రానిదాన్ని అదేం కొలుస్తుంది? ఒక వంతు దీన్ని తీసుకో, తొమ్మిది వంతులు నీళ్లు కలుపు. అప్పుడడుగు, చెప్తుంది." డబ్బీ నా చేతికిచ్చి, "నీతో మాట్లాడ్డం కూడా అంతే" అన్నాడు.

పక్క బెంచీవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చాక వచ్చింది.

జూన్ 13, గురువారం

పది వంతులు చేశాను. అంకె వచ్చింది. గీత మీద చూస్తే, బాబాయి తూచి చీటీలో రాసిన పొడిలో పదో వంతుకి కాస్త పైన, అంతే ఉంది! పదింటికి ఒకటీ చిల్లర. ఈ మనిషి పొడి తొట్టిలో వేస్తున్నాడా, ఇంటికి పట్టుకెళ్తున్నాడా?

మాస్టారు వేరేవాళ్ల దగ్గరున్నాడు. చూపించలేదు. చూపించాల్సిన పనేముంది, అంకె అంకే.

రేపు ఉంది బాబాయికి.

జూన్ 14, శుక్రవారం

తూకం గది తలుపు తన్ని వెళ్లాను. "పదో వంతు వేసి చేతులు దులుపుకుంటున్నావా బాబాయ్? మిగతాది ఎక్కడ దాచావు?"

ఆయన కూనిరాగం ఆపాడు. నుదుటిమీది కళ్లజోడు కిందికి దించి నన్ను చూశాడు. నా కోపానికి ఆయన పెట్టిన పేరుతోనే పిలిచాడు. "సూరేకారం, ఒక్క మాట అడగనా? పదో వంతే వేస్తే తొట్టిలో నీళ్లు ఎలా ఉంటాయి?"

"పల్చగా."

"మరి గుడ్డ ముదురెందుకొచ్చింది?"

అంకె రాసుకున్న కాగితం తీసి మళ్లీ చూశాను.

"మీ బడిలో నీళ్లేమైనా కలిపారా?"

"తొమ్మిది వంతులు."

"ఆ తొమ్మిది వంతులూ కూడా నేనే కలిపానంటావా?" అని బల్లమీద చెయ్యేసి నవ్వాడు. తూకం రాళ్లు గలగలమన్నాయి. "పదితో ఎచ్చవేసుకోవాలేమో చూడు తల్లీ. తూకంవాణ్ని, ఆమాత్రం తెలుస్తుంది."

పలుచన చేసి కొలిస్తే వచ్చినదాన్ని మళ్లీ పదింతలు చెయ్యాలి. పుస్తకంలో ఉంది. నేను చదివాను. ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నాను.

షెడ్డంతా వినబడేలా అరిచాను కాబట్టి, మధ్యాహ్నం దాకా ప్రతివాడూ నన్ను చూసి "పదింతలు" అన్నాడు. అత్త కూడా. "ముక్కుమీద కోపం, లెక్కమీద లేదు" అంది. ఆవిడ అంటే కోపం రాదు. ఎందుకో.

జూన్ 18, మంగళవారం

సరిగ్గా చేశాను. పదితో హెచ్చవేశాను. ఇప్పుడు మాస్టారుకి చూపించే రాస్తున్నాను: చీటీలో ఉన్నదానికంటే ఐదో వంతు ఎక్కువుంది తొట్టిలో. రెండు లాటుల నీళ్లూ చూశాను, రెండింటిలోనూ అంతే. అయితే తక్కువ కాదు, ఎక్కువ. తప్పు తప్పే.

క్లాసు అవగానే షెడ్డుకెళ్లి, ఇంకా గదిలోనే ఉన్న మేనేజరుకి చెప్పాను. నమ్మడనుకున్నాను. కాగితం మీద గీత చూడగానే లేచి నిలబడ్డాడు. గీతంటే ఎంత నమ్మకమో వీళ్లకి. "చూశావా, నేనేమన్నాను?" అన్నాడు. దగ్గు రాలేదు.

అత్త నీలం మీద మాట ఇంక ఎవడూ అనలేడు.

జూన్ 19, బుధవారం

బాబాయిని ఈ నెలాఖరు శనివారం దాకా ఉండి, తర్వాత రావద్దన్నారు. ఆయన మేనేజరు గదిలోంచి బయటికొచ్చి నా ముందునుంచే వెళ్లాడు. తిడతాడని నిలబడ్డాను. తిట్టడానికి నోరు తెరిస్తే తిరిగి అనడానికి నా దగ్గర బోలెడు ఉంది.

"పదితో ఎచ్చవేశావా?" అన్నాడు.

"వేశాను."

"శభాష్" అని వెళ్లిపోయాడు. ఎగతాళి కాదు. అదే నాకు ఎక్కట్లేదు.

జూన్ 20, గురువారం

మాస్టారుకి సంగతంతా చెప్పాను. మెచ్చుకుంటాడని. ఆయన సుద్దముక్క చేత్తో నలుపుతూ, "ఆ నీళ్లు ఎప్పుడు పట్టావు?" అన్నాడు.

"అంటే?"

"ఆయన పొడి వేసిన వెంటనేనా, ఇంకేమైనా కలిశాకా?"

"ఇంకేం కలుస్తాయి మాస్టారూ? ఉప్పు, సోడా తర్వాతెప్పుడో. వాటికి రంగుండదు."

"రంగున్నదేదీ కలవలేదు కదా."

"లేదు. అత్త చిటికె తప్ప."

ఆయన సుద్దముక్క బల్లమీద పెట్టాడు.

అత్త చిటికె లెక్కలోకి రాదు. అది రంగు కలపడం కాదు, రుచి చూడ్డం లాంటిది. ఎవరూ ఎప్పుడూ తూయలేదు, చీటీలో రాయలేదు. చిటికెడు చిటికెడే. ఆయన ఎప్పుడైనా అద్దకం షెడ్డులో కాలు పెట్టాడా? సుద్దముక్కలు నలిపేవాళ్లకేం తెలుసు.

జూన్ 21, శుక్రవారం

రెండు సీసాలు పట్టాను. ఒకటి బాబాయి పొడి వేసి కలియబెట్టిన వెంటనే. రెండోది అత్త చూశాక. మాస్టారు నోరు మూయించడానికే.

అత్త ఇవాళ పేలిక పట్టుకుని తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. "మబ్బు పట్టిందా?" అని అడిగింది. ఎండ కాస్తోంది. "కొంచెం పట్టింది" అన్నాను.

డబ్బాలో చెయ్యి పెట్టింది. చిటికెడు వేసింది. చూసింది. ఇంకోటి. చూసింది. తర్వాత గుప్పెడు.

జూన్ 25, మంగళవారం

మొదటి సీసా: చీటీలో ఎంతుందో అంతే. వెంట్రుకవాసి తేడా లేదు.

రెండో సీసా: ఐదో వంతు ఎక్కువ.

సీసా సరిగ్గా కడిగి ఉండను.

జూన్ 26, బుధవారం

ముందుగది బల్బు కూడా మార్చాను. తెల్లది, పెద్దది తెచ్చాను.

జూన్ 27, గురువారం

సీసాలు ముందు వేణ్నీళ్లతో, తర్వాత బడినుంచి తెచ్చుకున్న శుద్ధజలంతో కడిగి, మళ్లీ అత్త చూడకముందు ఒకటి, చూశాక ఒకటి పట్టాను. గాజుడబ్బీ మీద వేలిముద్ర లేకుండా తుడిచాను. నీళ్లు పీల్చి కొలిచే పిపెట్టు మార్చాను. గీత మళ్లీ మొదటినుంచి గీశాను. మళ్లీ తిన్నగా వచ్చింది. ఈసారి వంకరగా వస్తే బాగుండుననుకున్నాను.

మొదటి సీసా, చీటీలో ఉన్నంతే. రెండోది, ఐదో వంతు ఎక్కువ.

"మిషన్లో బల్బు పాతదైపోయి ఉంటుంది మాస్టారూ."

"అలా కూడా అనుకోవచ్చు" అన్నాడు.

దార్లో మేనేజరు కనిపిస్తే ఆపి, నా లెక్క తప్పు, బాబాయి తూకం సరిగ్గానే ఉందన్నాను. "మొన్న పదో వంతన్నావు, తర్వాత ఐదో వంతన్నావు, ఇప్పుడేమీ లేదంటున్నావు. మరి పొడి ఎవరు వేస్తున్నట్టు?" అని అడిగాడు. సమాధానం నాలుక చివరిదాకా వచ్చింది. "కనుక్కుంటాను" అన్నాను. "ఎల్లుండి శనివారం. ఆలోగా కనుక్కో" అని వెళ్లిపోయాడు.

కనుక్కోవడానికి ఏముంది.

జూన్ 28, శుక్రవారం

పని దిగి ఇంటికొచ్చాక, వెలుతురు ఉండగానే, రెండు నాళికలు కిటికీలో పెట్టాను. ఒకదాంట్లో చీటీ ప్రకారం. రెండోదాంట్లో ఐదో వంతు ఎక్కువ. రెండూ ఒకేలా పలుచన చేశాను. వెనక తెల్ల కాగితం.

"అత్తా, ఇటు రా. ఏది మన నీలం?"

చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "బడిపిల్ల పరీక్ష పెడుతోందిరోయ్!" అని నవ్వింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండోదాన్ని తీసింది. "ఇదే. ఇంకోదానికి పాచి పట్టింది. ఎవరు కలిపార్రా దీన్ని, తూకంవాడేనా?"

నేను మేకుకుండే నమూనా గుడ్డను చొక్కాలో దాచి తెచ్చాను. తీసి మొదటి నాళిక పక్కన పెట్టాను.

చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. గుడ్డను వేళ్లతో తడిమింది, రంగు చేతికి తెలుస్తుందేమో అన్నట్టు.

"ఈ గుడ్డ కూడా పాచిగానే ఉందే."

"ఊఁ."

"వెలిసిపోయిందా?"

గుడ్డను రెండో నాళిక పక్కకి జరిపాను.

అత్త గోడకానుకుని కూర్చుంది. "ఎన్నాళ్లనుంచి తెలుసు నీకు?" అంది.

"మొన్న మంగళవారం నుంచి."

"మరి ఇల్లంతా బల్బులెందుకు మార్చావే?"

ఏడ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఏడ్చాను. అత్త ఏడవలేదు. నా నెత్తిన ఒక్కటి మొట్టింది. "ఏడ్చేదాన్ని నేను కదే, నీకెందుకు? నాకే ఏడుపు రావట్లేదు. కోపమొస్తోంది. ఇన్నాళ్లు నా కన్ను నాతో అబద్ధం చెప్తే నమ్మానే! పక్కింటావిడ చెప్తే నమ్ముతానా?"

తర్వాత గుర్తొచ్చి, "తూకంవాణ్ని రేపటితో పంపేస్తున్నారు కదూ" అంది. "ఎవరు చెప్పారు మేనేజరుకి?"

"నేనే."

రెండో మొట్టికాయ మొదటిదానికంటే గట్టిగా పడింది.

జూన్ 29, శనివారం

అత్త పనిబట్టలు కట్టుకోలేదు. పెళ్లికి వెళ్లేటట్టు తయారై, నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది. నన్ను గుమ్మంలో నిలబెట్టింది. బాబాయిని పిలిపించింది.

"ఎక్కువ నీలం వేసింది నేను. నా డబ్బాలోంచి. తూకం తూకంలాగే ఉంది. నాకు కళ్లు సరిగ్గా కనబడట్లేదు. మా పిల్ల కొలిచి చూపించింది. ఇంక ఈయన్ని పంపడం కుదరదు" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఎవరినీ బతిమాలినట్టు లేదు. వంతు పంచుతున్నట్టుంది.

మేనేజరుకి దగ్గొచ్చింది. మంచినీళ్లు నేనే ఇచ్చాను.

అత్త బాబాయివైపు తిరిగింది. "నా డబ్బా ఖాళీ అయితే నింపేదెవరు?"

"నేనేనక్కా."

"ఈమధ్య ఎక్కువసార్లు నింపావు కదా."

"నింపాను."

"మరి నోరేమైంది? తిండి తినడానికేనా?"

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ చిటికెకి పేరు పెట్టే మొనగాడెవడక్కా ఈ షెడ్డులో? ఏదో కారణముండే వేస్తున్నావనుకున్నాను. తర్వాత అనుమానమొచ్చింది. వచ్చేసరికి పేరు నా మీదికొచ్చింది. అప్పుడు చెప్తే, తప్పించుకోడానికి నీ మీద తోశాననుకుంటారు." నావైపు గడ్డం చూపించాడు. "పైగా ఇది కొరుకుతుంది."

ముగ్గురూ నవ్వారు. మేనేజరు కూడా. నేను తల దించుకుని, "బాబాయ్, తప్పు నాది" అన్నాను. ఆ మూడు మాటలు పిపెట్టుతో పీల్చినంత కష్టంగా వచ్చాయి.

"పదితో ఎచ్చవేసుకుని మళ్లీ చెప్పు" అన్నాడు. చెప్పించాడు కూడా. పది కాదు, మూడోసారికి చాల్లెమ్మన్నాడు.

బాబాయి ఉంటున్నాడు. అత్త సెలవు. కళ్లు బాగైతే అప్పుడు చూద్దామన్నాడు మేనేజరు. అందాకా నన్ను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోమన్నాడు. ఆ స్టూలు ఖాళీగా ఉన్నా ఫరవాలేదన్నాను. నమూనా గుడ్డ తెచ్చి మేకుకి తగిలించి, నిలబడే చూశాను.

జూలై 3, బుధవారం

కంటి డాక్టరు అత్త కంట్లోకి టార్చి వేసి, లోపలి కటకం పండిపోయిందన్నాడు. మామిడిపండులాగా పసుపెక్కిందట. తీసి కొత్తది పెడతాడట, ముందు కుడికన్ను, తర్వాత ఎడమ.

అప్పుడు అర్థమైంది నాకు. పసుపు నీలాన్ని మింగుతుంది. అత్త కంట్లోనే గాజుడబ్బీ ఉంది.

అత్తకి ఇవేవీ అక్కర్లేదు. "కంటికి కత్తి పెట్టనివ్వను. వండుకోడానికి ఈ కళ్లు చాలు" అంది. నేను అరిచాను. డాక్టరు గదిలోనే. మొండిదానివన్నాను, పిరికిదానివన్నాను, ఇంకా ఏవేవో. డాక్టరు తలుపు వేశాడు.

అత్త నన్నలా చూసి, "చిక్కగా ఉన్నావే. నీళ్లు కలుపుకుని చెప్పు" అంది.

మాస్టారు మాట ఆవిడకెవరు చెప్పారు? నేనే చెప్పి ఉంటాను. క్లాసులో జరిగిందల్లా ఇంటికొచ్చి చెప్తూనే ఉంటాను కదా.

నీళ్లు కలుపుకుని చెప్పాను. "నాకు నీలం కలపడం ఇంకా రాలేదత్తా. మిషన్ ఎంతుందో చెప్తుంది. బాగుందో లేదో చెప్పదు. అది నువ్వే నేర్పాలి."

"అలా ఏడువు మరి" అని, డాక్టరుతో, "ఎప్పుడు రమ్మంటారు?" అంది.

జూలై 9, మంగళవారం

అయిపోయింది. క్లాసుకి వెళ్లలేదు. అత్త పక్కన కూర్చున్నాను. కంటికి గంతతో దొంగల నాయకురాలిలా ఉంది. బాబాయి వచ్చి ఆ మాటే అని తిట్లు తిన్నాడు.

జూలై 10, బుధవారం

గంత తీశారు.

ముందు దుప్పటిని చూసింది. "ఇంత తెల్లగా ఉతికావా!" అంది. తర్వాత అద్దంలో చూసుకుంది. "అమ్మో. జుట్టు ఇంత నెరిసిందా? గోధుమ రంగులో ఉందనుకున్నానే!" అప్పుడు నావైపు చూసింది. చాలాసేపు. నేను మొహం తిప్పుకోబోతే గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"చొక్కా మీద ఈ నీలం మరకలేమిటే ఇన్ని? ఇలాగే వీధిలో తిరుగుతున్నావా ఇన్నాళ్లూ?"

జూలై 18, గురువారం

అత్త ఇవాళ నాతో క్లాసుకొచ్చింది. ఎడమ కన్ను ఇంకా పాతదే. రెండు వారాలాగి చేస్తారు. ఈలోగా ఆవిడకి ఆట దొరికింది. ఒక కన్ను మూసి చూస్తుంది, రెండోది మూసి చూస్తుంది. దారంతా అదే పని. "ఈ కంటికి గోడ తెలుపు. ఆ కంటికి మీగడ. ఈ కంటికి, ఆ కంటికి." రోడ్డుమీద జనం మమ్మల్ని చూసి, ఈవిడెవరికో కన్ను కొడుతోందనుకున్నారు.

మాస్టారుకి నమస్కారం పెట్టింది. "మా పిల్ల మిమ్మల్నెప్పుడైనా తిట్టిందా?" అని అడిగింది.

"అలా కూడా అనుకోవచ్చు" అన్నాడు.

తర్వాత నన్ను పిలిచి, "పసుపు రంగు పొడి తీసుకో" అంది. "నాకెలా కనబడిందో నీకు చెప్తే అర్థం కాదు. నీకన్నీ సీసాలో పోసి చూపించాలి. కలుపు."

కలిపాను. పక్కలు పల్చని గాజుగిన్నెలో. అత్త కిటికీ దగ్గర నిలబడి, కొత్త కంటికి అడ్డంగా గిన్నె పెట్టుకుని గోడను చూసింది. గిన్నె తీసి, ఆ కన్ను మూసి, పాత కంటితో చూసింది.

"చిక్కన. సగం చెయ్యి."

సగం చేశాను.

"ఇంకా."

మళ్లీ సగం.

"అయ్యో, ఎక్కువైపోయింది. నాలుగు చుక్కలు పసుపు వెయ్యి. ఆగు. కాస్త గోధుమ రంగు. ఒక్క చుక్కే. చుక్క అంటే చుక్క, కుండ కాదు."

క్లాసులో అందరూ పని ఆపి మా చుట్టూ చేరారు. అత్త వాళ్లను చూడలేదు. ఒక కన్ను, రెండో కన్ను. తలుపు దగ్గర స్టూలు మీద ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆ మొహాన్ని నేను మళ్లీ చూస్తాననుకోలేదు.

"ఆపు. ఇదే."

మాస్టారు మెల్లగా, "మిషన్లో పెట్టి గాఢత చూద్దామా?" అన్నాడు.

"చూడాల్సింది అది కాదండి" అని అత్త గిన్నెను నా చేతికిచ్చింది. తన సంచీలోంచి రెండు గుడ్డముక్కలు తీసి బల్లమీద పరిచింది. ఒకటి నమూనా. రెండోది తిరిగొచ్చిన లాటులోది.

గిన్నె కంటికి అడ్డం పెట్టుకున్నాను. నమూనా గుడ్డకి పాచి పట్టింది. నిజంగా పాచే, నీళ్లు మారని తొట్టి గోడమీద ఉండేలాంటిది. దాన్ని చూస్తే నేనైనా డబ్బాలో చెయ్యి పెడతాను. దాని పక్కన, కంపెనీవాళ్లు పిన్ను గుచ్చి తిప్పిపంపిన గుడ్డ, ప్రాణంతో ఉంది.

"ఇదే కదా మన నీలం!" అనేశాను.

"కదా!" అంది అత్త, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి. "నేను చెప్పలా?"

గిన్నె దించలేదు నేను. అలాగే గదంతా చూశాను. సింకు, స్టూళ్లు, మాస్టారి చొక్కా, అత్త మొహం. మొదట అన్నీ పచ్చపచ్చగా ఉన్నాయి. చూస్తుండగా, ఎప్పుడో తెలియదు, గోడ తెల్లబడింది. మామూలు గోడలాగే ఉంది. పసుపు ఎక్కడికి పోయిందో వెతుక్కున్నాను, కనబడలేదు. గిన్నె మాత్రం నా కంటి ముందే ఉంది.

అత్త దాన్ని నా చేతిలోంచి తీసుకుని సింకులో పారబోసింది.

"చాల్లే. ఎక్కువసేపు చూడకు. అలవాటైపోతుంది."